చిప్ ఏ ప్లాస్టిక్‌తో చేయాలనేది తర్వాత, ముందు మూత ఎలా వేస్తారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీది మైక్రోఫ్లూయిడిక్ చిప్, అంటే వెంట్రుకంత సన్నటి చానెళ్లలో ద్రవాల్ని నడిపే పలక. సీరం శాంపిల్ ఒక దారిలో, రియేజెంట్ (దానితో చర్య జరిపే ద్రవం) ఇంకో దారిలో వచ్చి చిప్‌లో కలవాలి. కలిసిన ద్రవం యాంటీబాడీ (వెతికే అణువుని పట్టుకునే ప్రోటీన్) పూసిన ఎలక్ట్రోడ్ మీదుగా పోవాలి, అక్కడ కరెంట్ కొలవాలి. చానెల్ 200 మైక్రాన్ల వెడల్పు, 50 మైక్రాన్ల ఎత్తు, రెండు దారులూ కలిసే చోటి నుంచి ఎలక్ట్రోడ్ దాకా 20 మిల్లీమీటర్లు. రెండు పంపులూ కలిపి నిమిషానికి 10 మైక్రోలీటర్లు. పీడీఎంఎస్ అనే మెత్తటి సిలికోన్ రబ్బరుతో పోత పోసి, కార్బన్ ఇంక్‌తో ఎలక్ట్రోడ్లు ప్రింట్ చేసిన గాజు పలక మీద ప్లాస్మాతో అతికించారు. కొన్ని చిప్‌లు ఎలక్ట్రోడ్ దగ్గర కారుతున్నాయి. కారని వాటిలోనూ ఒకదాని రీడింగ్‌కి ఇంకోదాని రీడింగ్‌కి పొంతన లేదు. ఇప్పుడు కొన్ని వందల చిప్‌లు కావాలి కాబట్టి పీఎంఎంఏకి (యాక్రిలిక్ ప్లాస్టిక్) మారాలా, సీఓసీకా (సైక్లిక్ ఓలెఫిన్ కోపాలిమర్ అనే ప్లాస్టిక్), త్రీడీ ప్రింటర్ కొనాలా అన్నది మీ సందేహం.

ఈ మూడింటిలో ఏదో ఒకటి చెప్పడానికి ముందు ఒక ఎదురు ప్రశ్న. మూత ఎలా వేస్తారు? చానెల్ తయారు చేయడానికి ఇవాళ దారులు బోలెడు. పోత పోయవచ్చు, లేజర్‌తో చెక్కవచ్చు, మిల్లింగ్ చేయవచ్చు, వేడి అచ్చుతో నొక్కవచ్చు. ఏ దారిలో వెళ్లినా తెరిచి ఉన్న గాడి వరకూ వచ్చేయడం పెద్ద కష్టం కాదు. ఆ గాడిని దాని ఎత్తు మారకుండా, లోపలి యాంటీబాడీ పాడవకుండా, ఎలక్ట్రోడ్ పక్క నుంచి కారకుండా మూయడం దగ్గరే నేను చూసిన ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం ఇరుక్కున్నాయి. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే: చివరి పని నుంచి వెనక్కి ప్లాన్ చేయండి. మూత వేసే పద్ధతి ఖాయమైతే మెటీరియల్ దానంతట అదే తేలుతుంది.

ముందు కారడం సంగతి. పీడీఎంఎస్‌ని ఆక్సిజన్ ప్లాస్మాలో (విద్యుత్తుతో ఉత్తేజపరిచిన వాయువు) పెట్టినప్పుడు దాని ఉపరితలం మీద సిలనాల్ గుంపులు, అంటే సిలికాన్‌కి అంటిన ఓహెచ్ గుంపులు, ఏర్పడతాయి. గాజు మీద కూడా అవే ఉంటాయి. రెండూ తాకినప్పుడు నీటి అణువు ఒకటి బయటికి పోయి సిలికాన్-ఆక్సిజన్-సిలికాన్ బంధం పడుతుంది. అంటే ఈ అతుకు రెండు ఉపరితలాలూ నిజంగా తాకిన చోటే పుడుతుంది. కార్బన్ ఇంక్ మీద సిలనాల్ ఉండదు కాబట్టి అక్కడ అతుకు పడదు, పీడీఎంఎస్ ఊరికే ఆనుకుని ఉంటుంది. పైగా స్క్రీన్ ప్రింట్ చేసిన గీత మందం మామూలుగా 10 మైక్రాన్లకు పైనే. ఆ గీత అంచు దగ్గర పీడీఎంఎస్ పైకి లేచి, రెండు పక్కలా గుడారం అంచులా సన్నటి త్రికోణపు సందు మిగులుతుంది. మైక్రోస్కోప్ కింద రంగు నీళ్లు పంపి చూడండి. ఎలక్ట్రోడ్ తీగ చానెల్ గోడ దాటే చోట, తీగకి రెండు అంచులా రంగు దారంలా పాకుతూ కనిపిస్తుంది. ఇది ప్లాస్మా సమయం పెంచితే పోయే జబ్బు కాదు. గాజు మీద ఆవిరి నిక్షేపంతో వేసిన బంగారం అయితే మందం 100 నానోమీటర్లు, కింద 10 నానోమీటర్ల టైటానియమో క్రోమియమో ఉంటుంది. ఆ మెట్టుని పీడీఎంఎస్ సులభంగా కప్పేస్తుంది. బంగారం మీద కూడా అతుకు పడదు గానీ, సన్నటి తీగ కాబట్టి చుట్టూ ఉన్న గాజు అతుకే దాన్ని పట్టుకుంటుంది.

ప్లాస్మా సమయం అన్నాను కాబట్టి ఒక మాట. సరిగ్గా అతుక్కోకపోతే అందరూ చేసేది పవర్ పెంచడం, సమయం పెంచడం. అది రివర్స్ అవుతుంది. అతిగా కాల్చిన పీడీఎంఎస్ మీద గాజులాంటి పెళుసు పొర ఏర్పడి సన్నగా పగుళ్లిస్తుంది, అతుకు ఇంకా బలహీనపడుతుంది. తక్కువ పవర్‌లో అర నిమిషం నుంచి నిమిషం లోపు చాలు. తీసిన వెంటనే కలపాలి, తర్వాత 80 డిగ్రీల ఓవెన్‌లో కాసేపు ఉంచాలి. మామూలు పీడీఎంఎస్ మీద నీటి చుక్క 110 డిగ్రీల స్పర్శకోణంతో గుండ్రంగా కూర్చుంటుంది. ప్లాస్మా సరిగ్గా పడితే పూర్తిగా పరుచుకుంటుంది. ప్రతి బ్యాచ్‌లో ఒక వృథా ముక్క మీద ఈ చుక్క పరీక్ష చేయండి. ఇక యాంటీబాడీ ముందే పూసి ఉంటే ప్లాస్మా దాన్ని కాల్చేస్తుందని వేరే చెప్పక్కర్లేదు. అతికించాక చానెల్ లోపలికి పంపి పూయాల్సిందే. అప్పుడు పూత చానెల్ గోడలన్నిటికీ పడుతుంది, శాంపిల్‌లోని యాంటిజెన్ (యాంటీబాడీ పట్టుకునే అణువు) ఎలక్ట్రోడ్ చేరేలోపే గోడలకి అంటుకుపోతుంది. మీ రీడింగుల తేడాకి ఇదొక కారణం కావచ్చు.

పీడీఎంఎస్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. 1998లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం సాఫ్ట్ లితోగ్రఫీతో (మోల్డ్ మీద మెత్తటి రబ్బరు పోత పోసే పద్ధతి) పీడీఎంఎస్ చిప్‌లని త్వరగా చేసే పద్ధతి చూపించాకే ఈ రంగం చిన్న ల్యాబ్‌ల చేతికి వచ్చింది. 2000లో స్టీఫెన్ క్వేక్ బృందం రెండు పొరల పీడీఎంఎస్‌తో గాలి ఒత్తిడికి మూసుకునే వాల్వులు చేసింది. అంత మెత్తటి పదార్థం కాబట్టే అది సాధ్యమైంది. గట్టి ప్లాస్టిక్‌లో ఆ వాల్వ్ రాదు. చిప్ లోపల వాల్వులు కావాలన్నా, కణాలు పెంచడానికి ఆక్సిజన్ లోపలికి రావాలన్నా పీడీఎంఎస్‌ని వదలకండి. మీ చిప్‌కి ఆ రెండూ అక్కర్లేదు. మీకు మిగిలేవి దాని ఇబ్బందులే. నీటిని ఇష్టపడని చిన్న అణువుల్ని అది స్పాంజిలా పీల్చుకుంటుంది, ఇవాళ పీల్చింది రేపటి పరీక్షలో వదులుతుంది. చానెల్‌లోంచి నీటి ఆవిరి బయటికి పోతుంది. ప్లాస్మాతో వచ్చిన నీటి ఇష్టం కొన్ని గంటల్లో తగ్గడం మొదలై, కొన్ని రోజుల్లో దాదాపు పోతుంది. ఎందుకంటే గట్టిపడని సిలికోన్ గొలుసులు లోపలి నుంచి పైకి పాకుతాయి. అవే గొలుసులు ఎలక్ట్రోడ్ మీద కూడా పలచటి పొర కడతాయి. సెన్సర్ చేసేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మోల్డ్ చేతిలో ఉంది కాబట్టి ప్రోటోటైప్‌లు ఇంకొన్నాళ్లు పీడీఎంఎస్‌లోనే చేస్తానంటే, రెండు మూడు జాగ్రత్తలు. మీ పీడీఎంఎస్ సిల్గార్డ్ 184 బ్రాండు అయితే బేస్ 10 పాళ్లకి క్యూరింగ్ ఏజెంట్ 1 పాలు, తూకం వేసి, కంటి అంచనాతో కాదు. నిష్పత్తి మారితే గట్టిదనం మారుతుంది, గట్టిపడకుండా మిగిలే సిలికోన్ కూడా మారుతుంది. రబ్బరు లేటెక్స్ గ్లవ్స్ వేసుకుని కలపకండి. అందులోని గంధకం ప్లాటినం ఉత్ప్రేరకాన్ని చంపేస్తుంది, వేలు తాకిన చోట జిగురుగా మిగిలిపోతుంది. ఎమీన్లు, తగరం సమ్మేళనాలు కూడా ఇంతే. ఉష్ణోగ్రత ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. వేడిగా గట్టిపరిచి చల్లారిస్తే ముక్క 1 నుంచి 2 శాతం కుంచించుకుపోతుంది. 20 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రెండు రంధ్రాలు 300 మైక్రాన్లు దగ్గరకి జరిగితే, కింద గాజు మీది ఎలక్ట్రోడ్‌తో మీ చానెల్ వరస తప్పుతుంది. మోల్డ్ నమూనా ఉండే మాస్క్ గీసేటప్పుడే ఆ మేరకు పెంచి గీయాలి. రంధ్రాలు చానెల్ ఉన్న వైపు నుంచే, పదునైన పంచ్‌తో, ట్యూబ్ కంటే కొంచెం చిన్న సైజులో పొడవండి. మొండి పంచ్‌తో పొడిస్తే రంధ్రం గోడ చీలుతుంది. తర్వాత ట్యూబ్ దగ్గర కారుతోందని బాండింగ్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు.

ఇప్పుడు అసలు చిక్కు. మీ రీడింగులు కలవకపోవడానికి కారడం కంటే పెద్ద కారణం ఒకటుంది: మీ రెండు ద్రవాలూ ఎలక్ట్రోడ్ చేరే సరికి కలవడం లేదు. లెక్క చూడండి. 200 బై 50 మైక్రాన్ల చానెల్‌లో నిమిషానికి 10 మైక్రోలీటర్లు అంటే వేగం సెకనుకు దాదాపు 17 మిల్లీమీటర్లు. రెనాల్డ్స్ సంఖ్య, అంటే ప్రవాహంలో సుడులు పుడతాయో లేదో చెప్పే కొలత, 1 చుట్టుపక్కల. సుడులు పుట్టే ప్రశ్నే లేదు, రెండు ద్రవాలూ పక్కపక్కనే రెండు పట్టీల్లా పోతాయి. కలిపేది డిఫ్యూజన్ (అణువులు వాటంతట అవే వ్యాపించడం) ఒక్కటే. ఒక్కో పట్టీ వెడల్పు 100 మైక్రాన్లు. ఆ దూరం దాటడానికి చిన్న అణువుకి 10 సెకన్ల వరకూ పడుతుంది, ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్‌కి 80 సెకన్లు. మీ ద్రవం ఆ 20 మిల్లీమీటర్లు దాటేది 1.2 సెకన్లలో! అంటే ఎలక్ట్రోడ్ సగం మీద శాంపిల్, సగం మీద రియేజెంట్ పోతున్నాయి, మధ్యలో సన్నటి సరిహద్దు మాత్రమే కలిసి ఉంది. పంపుల్లో ఒకటి రవ్వంత ఎక్కువ తోస్తే ఆ సరిహద్దు పక్కకి జరుగుతుంది, కరెంట్ మారుతుంది. మైక్రోస్కోప్ కింద ఒకవైపు రంగు నీళ్లు, ఇంకోవైపు మామూలు నీళ్లు పంపితే ఇది కళ్లారా కనిపిస్తుంది.

దీనికి మందు మెటీరియల్ మార్చడం కాదు. వేగం పదో వంతుకి తగ్గిస్తే చిన్న అణువులు సర్దుకుంటాయి, ప్రోటీన్ ఇంకా సర్దుకోదు. చానెల్‌ని పాములా మెలికలు తిప్పితే పొడవు పెరుగుతుంది, అంతే. ఈ రెనాల్డ్స్ సంఖ్య దగ్గర మలుపుల వల్ల ప్రత్యేకంగా కలయికేమీ రాదు, చాలామంది వస్తుందనుకుంటారు. 2002లో వైట్‌సైడ్స్ ల్యాబ్ నుంచే వచ్చిన హెరింగ్‌బోన్ మిక్సర్, అంటే చానెల్ నేల మీద చేప ముళ్ల వరసలా చెక్కిన ఏటవాలు గాళ్లు, బాగా పనిచేస్తుంది. కానీ మోల్డ్‌లో రెండో పొర కావాలి. పొరలు పేర్చి చేసే చిప్‌లో ఇంకో సులువు ఉంది: రెండు ద్రవాల్నీ పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి వచ్చేలా కలపండి. అప్పుడు దాటాల్సిన దూరం వెడల్పులో సగం కాదు, ఎత్తులో సగం. దూరం సగమైతే సమయం నాలుగో వంతు అవుతుంది కాబట్టి ఇది చాలా లాభం.

రెండో కారణం చానెల్ ఎత్తు. వెడల్పాటి, తక్కువ ఎత్తు చానెల్‌లో ప్రవాహ నిరోధం ఎత్తు ఘనానికి విలోమంగా మారుతుంది. మీ 50 మైక్రాన్లు 45 అయితే, అంటే పదో వంతు తగ్గితే, నిరోధం మూడో వంతుకి పైగా పెరుగుతుంది. సిరంజి పంప్ బలవంతంగా తోస్తుంది కాబట్టి ప్రవాహం మారకపోవచ్చు. కానీ వేగం మారుతుంది, ఎలక్ట్రోడ్ మీదికి అణువులు చేరే తీరు మారుతుంది. ఒత్తిడితో నడిపే చిప్ అయితే ప్రవాహమే మారిపోతుంది. ఎస్‌యూ-8 (వెలుతురుతో గట్టిపడే రెసిస్ట్) మోల్డ్ మధ్యలో ఒక ఎత్తు, వేఫర్ (మోల్డ్‌కి ఆధారమైన గుండ్రటి సిలికాన్ పలక) అంచు దగ్గర ఇంకో ఎత్తు ఉండటం మామూలే. స్పిన్ కోటింగ్‌లో, అంటే పలకని గిరగిరా తిప్పి పూసేటప్పుడు, అంచున రెసిస్ట్ పోగుపడుతుంది. అందుకే ప్రతి చిప్‌కి అది వేఫర్‌లో ఏ స్థానం నుంచి వచ్చిందో నంబర్ వేసి పెట్టుకోండి. మీ పొంతన లేని రీడింగుల్లో సగానికి అక్కడే వరస దొరికినా నేను ఆశ్చర్యపోను.

ట్యూబులూ పంపులూ కూడా పరికరంలో భాగమే, కాగితం మీద డిజైన్‌లో మాత్రం ఎవరూ గీయరు. మీ చానెల్ మొత్తం పట్టేది 0.2 మైక్రోలీటర్లు. అర మిల్లీమీటర్ లోపలి వ్యాసం ఉన్న 30 సెంటీమీటర్ల ట్యూబ్ పట్టేది దాదాపు 59 మైక్రోలీటర్లు. చిప్‌కి మూడు వందల రెట్లు! శాంపిల్ మార్చాక కొత్తది ఒక ట్యూబ్‌లో నిమిషానికి 5 మైక్రోలీటర్ల చొప్పున చిప్ చేరడానికే పన్నెండు నిమిషాలు పడుతుంది, దారిలో పాతదానితో కలిసి పలచబడుతుంది కూడా. సన్న ట్యూబ్ వాడండి, పొట్టిగా కోయండి. సిరంజి కూడా చిన్నది కావాలి. 10 మిల్లీలీటర్ల సిరంజితో నిమిషానికి 5 మైక్రోలీటర్లు తోయాలంటే పిస్టన్ నిమిషానికి 0.03 మిల్లీమీటర్లు జరగాలి. రబ్బరు అంత నెమ్మదిగా జరగదు. పట్టుకుంటుంది, ఒక్కసారి జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. మీ కరెంట్ గ్రాఫ్‌లో ఒకే అంతరంతో అలలు కనిపిస్తుంటే అది ఎలక్ట్రానిక్స్ నాయిస్ కాకపోవచ్చు. 1 మిల్లీలీటర్ సిరంజి పెట్టి చూడండి, అలల అంతరం మారితే దోషి పంపే.

రిఫరెన్స్ ఎలక్ట్రోడ్, అంటే వోల్టేజి కొలతకి ఆధారంగా పెట్టుకునే ఎలక్ట్రోడ్, గురించి మీరు రాయలేదు. ప్రింట్ చేసిన వెండి-వెండి క్లోరైడ్ ఇంక్ అయితే, ఉప్పు ద్రావణం గానీ పొర గానీ లేకుండా నేరుగా శాంపిల్‌ని తాకుతుంటే, దాని పొటెన్షియల్ ద్రవంలోని క్లోరైడ్ గాఢతని బట్టి మారుతుంది. పది రెట్ల తేడాకి 59 మిల్లీవోల్టులు. సీరంలో క్లోరైడ్ ఎక్కువ, మీ రియేజెంట్ బఫర్‌లో తక్కువ అయితే, పైన చెప్పిన కలవని పట్టీల్లో ఏది రిఫరెన్స్ మీదుగా పోతుందన్నదాన్ని బట్టి మీ కొలత జరిగిపోతుంది. రెండు ద్రవాల్లోనూ క్లోరైడ్ ఒకే స్థాయిలో ఉంచడం అన్నిటికన్నా చవకైన మరమ్మతు. దీనికి చిప్ ముట్టుకోనక్కర్లేదు.

ఇక కొన్ని వందల చిప్‌ల సంగతి. ప్రింట్ చేసిన ఎలక్ట్రోడ్లు, ముందే పూయాల్సిన యాంటీబాడీ, నీటి ఆధారిత ద్రవం, తక్కువ ఒత్తిడి. ఈ నాలుగూ చూస్తే నాకు తోచే మూత ఒకటే: చల్లగా వేసే మూత. రెండు వైపులా జిగురున్న పాలిస్టర్ టేప్‌లో చానెల్ ఆకారాన్ని కటింగ్ ప్లాటర్‌తో కోసి, కింద ఎలక్ట్రోడ్ షీట్, పైన రంధ్రాలున్న పారదర్శక షీట్ పెట్టి రోలర్‌తో నొక్కడం. 2005లో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ బ్లేడ్ పద్ధతికి జురోగ్రఫీ అని పేరు పెట్టారు. చూడటానికి నాసిరకం పనిలా అనిపిస్తుంది, క్లీన్‌రూమ్‌లో పనిచేసిన వాళ్లకి మరీను. కానీ మీ బాధలు ఒక్కొక్కటీ దీనికి ఎదురుపెట్టి చూడండి. వేడి లేదు, ప్లాస్మా లేదు, కాబట్టి యాంటీబాడీని ఎలక్ట్రోడ్ మీద మాత్రమే చుక్కగా పెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత మూత వేయొచ్చు. జిగురు మెత్తన కాబట్టి ఇంక్ గీత మెట్టు చుట్టూ సర్దుకుని సందు మూస్తుంది. చానెల్ ఎత్తు అంటే టేప్ మందమే, అది తయారీదారు దగ్గరే ఖాయమై వస్తుంది, చిప్‌కీ చిప్‌కీ మారదు.

లోపాలూ ఉన్నాయి. 200 మైక్రాన్ల వెడల్పు బ్లేడ్‌కి కష్టం, అంచులు చిరుగుతాయి. 500కి వెళ్లండి. ఎత్తు 100 చుట్టూ పెట్టుకుంటే నిరోధం బాగా పడిపోతుంది, ద్రవాల్ని ఒకదాని మీద ఒకటి కలిపే పద్ధతి ఇక్కడ అప్పుడు తప్పనిసరి. చానెల్ పక్క గోడల్లో జిగురు బయటపడి ఉంటుంది. అది చిన్న అణువుల్ని కొంత పీల్చుకుంటుంది, ఆర్గానిక్ సాల్వెంట్ తగిలితే ఊడిపోతుంది. ఎక్కువ ఒత్తిడిలో జిగురు నెమ్మదిగా పాకుతుంది. నొక్కిన వెంటనే పరీక్షించకండి, జిగురు ఉపరితలాన్ని పూర్తిగా తడిపి పట్టుకోవడానికి ఒక రోజు బరువు కింద ఉంచండి. అతికించేటప్పుడు వరస తప్పకుండా రెండు మూలల్లో పిన్ రంధ్రాలు కోసి, ఒక చిన్న జిగ్‌లో (ముక్కల్ని వరసగా పట్టి ఉంచే చట్రం) పేర్చండి. మీరు త్రీడీ ప్రింటర్ కొంటే అది ఆ జిగ్‌కి బాగా పనికొస్తుంది.

ఆ ప్రింటర్‌తో చిప్‌నే ప్రింట్ చేస్తే పోలేదా అంటే, మామూలు రెసిన్ ప్రింటర్లలో మూసి ఉన్న చానెల్ కొన్ని వందల మైక్రాన్ల కంటే సన్నగా రావడం కష్టం. లోపల చిక్కుకున్న ద్రవ రెసిన్ బయటికి రాదు, వెలుతురు చొచ్చుకొచ్చి దాన్ని అక్కడే గట్టిపరుస్తుంది. గట్టిపడని మోనోమర్ మీ శాంపిల్‌లోకి కారుతుంది కూడా. ప్రింట్ చేసిన మోల్డ్ మీద పీడీఎంఎస్ పోయాలనుకున్నా ముందు కడిగి, యూవీ కింద మళ్లీ గట్టిపరిచి, ఓవెన్‌లో కాల్చాలి. లేదంటే తాకిన ముఖం అంతా జిగటగా మిగులుతుంది.

పీఎంఎంఏ మంచి పదార్థమే, చవక, పారదర్శకం. కార్బన్ డయాక్సైడ్ లేజర్ దాన్ని శుభ్రంగా ఆవిరి చేస్తుంది. కానీ చానెల్ పెట్టెలా కాకుండా ఇంగ్లీషు వీ అక్షరం ఆకారంలో వస్తుంది, అంచుల్లో కరిగిన ప్లాస్టిక్ గట్టులా లేస్తుంది, ఆ గట్టు మూతని కూర్చోనివ్వదు. లేజర్ గానీ మిల్లింగ్ గానీ చేశాక 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చి లోపలి ఒత్తిడి తీసేయాలి. అలా చేయకుండా ఐసోప్రొపనాల్‌తో తుడిచారో, చానెల్ అంచుల నుంచి సాలెగూడులా పగుళ్లు పాకుతాయి. పీవీసీని మాత్రం ఎప్పుడూ లేజర్‌లో పెట్టకండి, హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, అది మీ ఊపిరితిత్తులకీ మెషీన్‌కీ చేటే. పీఎంఎంఏ మెత్తబడేది 105 డిగ్రీల దగ్గర. వేడితో అతికించాలంటే ఆ చుట్టుపక్కలే నొక్కాలి. కొన్ని డిగ్రీలు తక్కువైతే అతకదు, కొన్ని డిగ్రీలు ఎక్కువైతే 50 మైక్రాన్ల చానెల్ కుంగిపోతుంది. ప్రెస్ ప్లేటు అంతటా వేడి ఒకేలా ఉందో లేదో కొలవకుండా దీనిలోకి దిగొద్దు. ఇథనాల్ వాడి తక్కువ వేడిలో అతికించే పద్ధతి కూడా ఉంది, చిన్న సంఖ్యలకి బాగుంటుంది. ఏదైనా సరే యాంటీబాడీ మాత్రం తర్వాతే లోపలికి పోవాలి.

సీఓసీకి వెళ్లాల్సింది ఫ్లోరసెన్స్ కొలిచేవాళ్లు. స్వంత మెరుపు చాలా తక్కువ, నీటిని దాదాపు పీల్చదు, ఆల్కహాల్‌నీ ఆసిడ్లనీ తట్టుకుంటుంది. టోలీన్, హెక్సేన్ లాంటివి మాత్రం దాన్ని కరిగిస్తాయి, వేలిముద్రల్లోని కొవ్వుకి కూడా ఒత్తిడిలో ఉన్న ముక్క పగలొచ్చు. మెత్తబడే ఉష్ణోగ్రత గ్రేడుని బట్టి 70 నుంచి 180 డిగ్రీల దాకా మారుతుంది, కాబట్టి షీట్ కొనేటప్పుడు గ్రేడు అడక్కుండా కొనకండి. హాట్ ఎంబాసింగ్ అంటే ఆ ఉష్ణోగ్రత కంటే 20 నుంచి 40 డిగ్రీలు పైన నొక్కి, దాని కిందికి చల్లార్చి విడదీయడం. విడదీసేటప్పుడే ఎక్కువ ముక్కలు పాడవుతాయి, మోల్డ్ గోడలకి కొద్దిగా వాలు ఇవ్వండి. ఇంజెక్షన్ మోల్డింగ్ వేల సంఖ్యకి. టూల్ ఒకసారి చెక్కాక డిజైన్ మార్చలేరు. మీ మిక్సింగే ఇంకా కుదరలేదు కాబట్టి దాని గురించి ఇప్పుడు ఆలోచించకండి.

పక్కమాటగా, ఎవరైనా మిమ్మల్ని రంగు మార్పుతో కొలవమని సలహా ఇస్తే చానెల్ ఎత్తు గుర్తుపెట్టుకోండి. ఒక సెంటీమీటర్ క్యువెట్‌లో (రంగు కొలిచే చిన్న గాజు పెట్టె) వచ్చే శోషణలో 50 మైక్రాన్ల చానెల్‌కి నిలువుగా చూస్తే మిగిలేది రెండు వందల వంతు. వెలుతురుని చానెల్ పొడవునా పంపితే తప్ప పనికిరాదు.

బుడగలు ఏ మెటీరియల్‌లోనైనా వస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన బఫర్‌ని అలాగే పంప్ చేస్తే, చిప్‌లో వెచ్చబడుతూ కరిగిన గాలిని వదులుతుంది, ఆ బుడగ వెళ్లి సరిగ్గా ఎలక్ట్రోడ్ మీదే కూర్చుంటుంది. ముందు గది ఉష్ణోగ్రతకి తెచ్చి, వాక్యూమ్‌లో కాసేపు ఉంచి వాడండి. ఇథనాల్‌తో మొదట తడపడం మంచి చిట్కా, కానీ యాంటీబాడీ ఉన్న చిప్‌లో అది కుదరదు. దాని బదులు కార్బన్ డయాక్సైడ్‌తో చానెల్‌ని ఒక నిమిషం ఊదండి, తర్వాత బఫర్ పంపండి. చిక్కుకున్న వాయువు గాలి కంటే ఎన్నో రెట్లు సులభంగా నీటిలో కరిగిపోతుంది. బఫర్‌లో 0.05 శాతం ట్వీన్-20 (సబ్బులాంటి పదార్థం) కూడా సాయపడుతుంది. చానెల్‌లో హఠాత్తుగా వెడల్పయ్యే మూలలు పెట్టకండి. నీరు అక్కడ ఆగి, పక్కల నుంచి చుట్టుకుని, మధ్యలో గాలిని బంధిస్తుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా, యాంటీబాడీ ఖర్చు పెట్టకముందే చిప్‌ల్ని వడపోయడానికి ఒక పరీక్ష ఉంది. పంప్ వద్దు. నీళ్ల సీసాని చిప్‌కి ట్యూబ్‌తో కలిపి, బయటికొచ్చే ట్యూబ్‌ని తూకం వేసిన చిన్న వయల్‌లో పెట్టండి. రెండు నీటి మట్టాల మధ్య తేడా 20 సెంటీమీటర్లు ఉంచండి. అంటే దాదాపు 2 కిలోపాస్కల్స్. 200 బై 50 మైక్రాన్లు, 20 మిల్లీమీటర్ల మీ చానెల్‌లోంచి 20 డిగ్రీల నీరు నిమిషానికి సుమారు 10 మైక్రోలీటర్లు రావాలి, పది నిమిషాలకి 100 మిల్లీగ్రాములు. 75 వచ్చిందంటే చానెల్ ఎత్తు 45 దగ్గరుందన్నమాట, లేదా ఎక్కడో చెత్త అడ్డుపడింది. బయటి ట్యూబ్ కొన వయల్‌లో ముందే పోసిన నీటిలో మునిగి ఉండాలి. గాల్లో వేలాడదీస్తే కొన దగ్గర పుట్టే చుక్క తలతన్యతే 500 పాస్కల్స్ దాకా వెనక్కి తోస్తుంది, చుక్క పడినప్పుడల్లా ప్రవాహం ఎగిరిపడుతుంది. వయల్ మూతికి పారాఫిన్ ఫిల్మ్ కప్పి ట్యూబ్ పట్టేంత చిల్లి పెట్టండి, లేకపోతే ఆవిరైపోయిన నీటిని చానెల్ లోపంగా లెక్కేస్తారు. గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి, ఒక్కో డిగ్రీకి నీటి స్నిగ్ధత రెండు శాతానికి పైగా మారుతుంది. టేప్ చిప్‌కైతే నిరోధం వేరు కాబట్టి నీటి ఎత్తు తగ్గించి కొత్తగా లెక్క కట్టుకోవాలి. చానెల్ కొలతలు పెట్టండి, లెక్క ఇక్కడే కింద చేసి చూపిస్తాను.